చుక్కల లెక్క

మొన్న శనివారం లాప్‌టాప్‌లో చెత్త ఊడుస్తుంటే పాత ఎక్సెల్ షీట్ ఒకటి బయటపడింది. దాని పేరు "కోపం". తెరిచి చూసి నవ్వుకున్నాను, కాస్త సిగ్గు కూడా వేసిందనుకోండి. అదో కథ.

మాది గుంటూరు వైపు, తరాల నాటి కతోలిక కుటుంబం. మా నాయనమ్మ పొద్దుగూకగానే జపమాల పట్టుకుని కూర్చునేది. 53 మంగళవార్త జపాలు ఎప్పుడు పూర్తవుతాయా, అన్నం ఎప్పుడు పెడుతుందా అని మేం ఎదురు చూసేవాళ్ళం. జపమాల అయ్యాక కూడా ఆవిడ లేచేది కాదు. గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఇంకో పది నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. "నాయనమ్మా, నిద్రపోయావా?" అంటే "లేదురా, ఇయ్యాళ ఏం జరిగిందో చూసుకుంటన్నా" అనేది. ముసలావిడ చాదస్తం అనుకునేవాణ్ణి.

తర్వాత చదువు, ఉద్యోగం, హైదరాబాదు. ఆదివారం పూజ తప్పించి మిగతావన్నీ మెల్లగా జారిపోయాయి. రెండేళ్ళ క్రితం ఒక రిలీజ్ రోజు, కాల్‌లో పదిహేను మంది ఉండగా మా టీములో జూనియర్ కుర్రాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పు అతనిది కాదని అరగంటలో తేలింది. వారం తిరక్కుండానే వేరే టీముకి మార్చమని మేనేజర్‌ని అడిగాడట. ఇంట్లో కూడా నా నోరు అలాగే ఉండేది. మా ఆవిడే ఒక రిట్రీట్‌కి పేరు రాయించింది. రెండు రోజులు, యేసుసభ ఫాదర్ గారు నడిపారు.

ఆయన నేర్పింది ఆత్మశోధన. పాపసంకీర్తనానికి ముందు తప్పులు గుర్తు చేసుకోవడమే ఆత్మశోధన అని అప్పటిదాకా నా అవగాహన. ఇది రోజూ చేసేది. దీన్ని ఇలా ఒక పద్ధతిలో పెట్టింది లొయోలా ఇగ్నేషియస్ (మా వైపు ఇన్నయ్యలు, ఇన్నారెడ్డిలు అందరూ ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళే). 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచాన పడి, చదువుకోవడానికి వీరగాథలు కావాలని అడిగితే ఆ ఇంట్లో అవి లేవు. ఉన్నవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. వాటితో మొదలై ఆయన రాసుకున్న ఆధ్యాత్మిక సాధనల పుస్తకానికి 1548లో మూడో పౌలు పోపు గారి ఆమోదం దొరికింది.

అందులో ఒకచోట నాలాంటి వాడికి భలే నచ్చే సంగతుంది. పోగొట్టుకోవాలనుకున్న ఒక్క దోషాన్ని ఎంచుకోవాలి. వారంలో రోజుకి రెండు గీతలు గీసుకోవాలి. మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు తప్పామో మొదటి గీత మీద అన్ని చుక్కలు, రాత్రి దాకా రెండో గీత మీద ఇంకొన్ని. గీతకి గీత, రోజుకి రోజు, వారానికి వారం పోల్చి చూసుకోవాలి. ఇది బగ్ ట్రాకర్ కాక ఇంకేమిటండీ!

ఇక ఆగుతానా? షీట్ తయారైంది. మొదటి వారం 19 చుక్కలు. నెల తిరిగేసరికి 6. మూడో నెలలో ఒక వారం సున్నా. గ్రాఫ్ గీసి మరీ మా ఆవిడకి చూపించాను.

చూసి, "కోపం తగ్గిందండీ, కాదనను. కానీ మీరు మాట్లాడటమే మానేశారు కదా, ఇంక కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నిజమే. మీటింగుల్లో మ్యూట్. మెసేజ్‌లకి "ఓకే". మా అమ్మాయి లెక్కల పుస్తకం నా దగ్గరికి తేవడం ఎప్పుడో ఆపేసింది, అదీ నేను గమనించలేదు. సర్వర్ ఆపేసి ఎర్రర్లు రావట్లేదని సంబరపడ్డాను.

ఫాదర్ గారికి ఫోన్ చేసి చెప్తే ఆయన ఒకటే అడిగారు, "మొదటి మెట్టు చేస్తున్నారా?" రోజువారీ ఆత్మశోధనలో అయిదు మెట్లు. అందులో తప్పుల లెక్క మూడోది. మొదటిది ఆ రోజు అందిన మేళ్ళకి దేవుడికి కృతజ్ఞత చెప్పడం. రెండోది, చూడటానికి వెలుగు ఇమ్మని అడగడం. నాలుగు క్షమాపణ, అయిదు రేపటి నిర్ణయం. నేను మొదటి రెండూ ఫార్మాలిటీ కింద కొట్టిపారేసి తిన్నగా మూడో దాంట్లోకి దూకాను. షీట్‌లో వాటికి కాలమే లేదు.

అక్కడే తేడా పడింది. వెలుగు అడగనప్పుడు చూసేవాణ్ణీ నేనే, తీర్పరినీ నేనే, నాకు తెలిసిన తప్పే నాకు కనిపిస్తుంది. మొబైల్ యాప్‌లో కళ్ళు మూసుకుని శ్వాస గమనించడం మీద నాకేం చులకన లేదు, నాకూ పనికొచ్చింది. కానీ ప్రార్థనలో ఇంకొకరు పక్కన కూర్చుని నా రోజుని నాతో పాటు చూస్తారు. నమ్మకం లేనివాళ్ళకి ఇది వట్టి మాటగా తోచొచ్చు. నాకూ చాలా రాత్రులు అలాగే ఉంటుంది. ఫోన్ వంటింట్లో పెట్టేసి పదిహేను నిమిషాలు కూర్చుంటే సగం సార్లు రేపటి డెమో గుర్తొస్తుంది, మిగతా సగం కునుకే.

ఒక రాత్రి మాత్రం కృతజ్ఞత దగ్గరే ఆగిపోయాను. ఎందుకో ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. నేను తిట్టడానికి నెల ముందు, తెల్లవారుజామున 3 గంటలకి ప్రొడక్షన్ పడిపోతే ఒక్కడే లేచి సరిచేశాడు. నన్ను నిద్ర కూడా లేపలేదు. పొద్దున్న లేచి చూసుకుని హమ్మయ్య అనుకున్నానే గానీ అతనికి ఒక్క మాట చెప్పలేదు. అది కోపం కాదు కాబట్టి ఏ గీత మీదా చుక్క పడదు.

మర్నాడు మెసేజ్ పెట్టాను. తిట్టినందుకు క్షమించమని, ఆ తెల్లవారుజాము సంగతికి థాంక్స్ అని. రెండు రోజులకి జవాబొచ్చింది, "పర్లేదు సర్" అని. అంతే.

దాన్ని ఎలా చదువుకోవాలో నాకిప్పటికీ తెలీదు. రాత్రి కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ అక్కడికే వెళ్తుంటాను. షీట్ మాత్రం మొన్న తీసేశాను.