ఆగని గడియారం

మొబైల్ ఫోన్ అప్లికేషన్లను రచించడం నేర్చుకొనే విద్యార్థికి తొలినాళ్లలోనే పరిచయమయ్యే సాధనం టైమర్. నిర్ణీత వ్యవధికొకసారి అది చెప్పిన పనిని మళ్లీ మళ్లీ చేస్తుంది. జావాస్క్రిప్ట్ భాషలో దానిని ప్రారంభించే ఆజ్ఞ 'సెట్‌ఇంటర్వల్'. వ్యవధి 1000 మిల్లీసెకన్లని వ్రాస్తే సెకనుకొకమారు పనిచేస్తుంది. ప్రారంభించడం అందరమూ ఉత్సాహంతో నేర్చుకొంటాము. ఆపడం దగ్గరే అశ్రద్ధ.

నా మిత్రుడొకడు ప్రవేశపరీక్షకు చదువుతున్న తన చెల్లెలి కోసం ఒక అభ్యాస పరీక్షను తయారుచేశాడు. వ్యవధి 10 నిమిషాలు. మొదటిసారి సవ్యంగానే నడిచింది. ఆమె మధ్యలో వదిలి తిరిగి ప్రారంభించినపుడు 5 నిమిషాలకే గడువు ముగిసింది. మరొకమారు వదిలి వచ్చేసరికి 3 నిమిషాల 20 సెకన్లే! పాపం, ఆ అమ్మాయి యంత్రాన్ని శంకించలేదు. "అన్నా, నాకు లెక్కల్లో వేగం లేదు. ఈ పరీక్ష నావల్ల కాదు" అని పుస్తకాలు మూసివేసింది.

జరిగినదేమనగా, ఆమె పరీక్షను వదిలినా పాత టైమర్ ఆగలేదు. క్రొత్తది దానికి తోడై, రెండూ ఒకే అంకెను తగ్గించసాగాయి. ప్రతి టైమరుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. 'క్లియర్‌ఇంటర్వల్' అనే ఆజ్ఞకు ఆ సంఖ్యను చూపితేనే అది ఆగుతుంది. క్రొత్త సంఖ్యను పాతదాని స్థానంలోనే భద్రపరచినందున మొదటిదాని ఆచూకీ పోయింది. మన నర్సంపేట సమీపంలోని పాకాల చెరువు కింద వ్యవసాయం చేసేవారికి ఇది వివరించనక్కరలేదు: ఏ తూము ఎత్తాడో నీరటి మరచిపోతే నీరు పోతూనే ఉంటుంది.

ఐఫోన్‌లో 'ఇన్‌వాలిడేట్', ఆండ్రాయిడ్ హ్యాండ్లరుకు 'రిమూవ్‌కాల్‌బ్యాక్స్', ఫ్లట్టర్‌లో 'క్యాన్సిల్' అని ఆజ్ఞల పేర్లు వేరు, పని ఒక్కటే. క్రొత్త టైమరుకు ముందు పాతదానిని ఆపాలి. గడువు తీరినా, తెరను విడిచినా ఆపాలి.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. సెకన్లను ఒక్కొక్కటిగా తీసివేయరాదు. పరీక్ష ముగియవలసిన సమయాన్ని ముందే గుర్తుంచుకొని, అందులో నుండి ఇప్పటి సమయాన్ని తీసివేయాలి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి టైమర్ కాసేపు నిలిచినా లెక్క తప్పదు.

మిత్రుడు ఈ రెండు మార్పులూ చేశాడు. చెల్లెలు మాత్రం మా మాట నమ్మక, చేతిగడియారాన్ని ప్రక్కన పెట్టుకొనే పరీక్ష వ్రాసింది. గడువుకు ఇంకా 1 నిమిషం ఉండగానే ముగించింది.