పాత పెట్టె, కొత్త ప్రాణం

2016లో కొన్న నా ల్యాప్‌టాప్ మనుషుల లెక్కన ఇంకా బడిపిల్ల. యంత్రాల లెక్కన మాత్రం పింఛను పుచ్చుకునే వయస్సట! 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీవారు మామూలు పోషణ మానేశారు. అంతమాత్రాన పెట్టె ఆగిపోదు. కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవారుండరు, అంతే. పోనీ విండోస్ 11 ఎక్కిద్దామా అంటే, టి.పి.ఎం. 2.0 అనే కాపలా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదవ తరందై ఉండాలి. నాది ఆరవ తరం.

"కొత్తది కొనేస్తే పోతుంది గదా" అంది మా ఆవిడ. ఇరవై ఏళ్లనాటి మిక్సీని ఈనాటికీ మరమ్మతు చేయిస్తున్న మనిషి!

నా దిగులు పెట్టెను గురించి కాదు. అందులో మా నాయన ఉన్నారు. మా పూతలపట్టు అరవానికీ తెలుగుకూ నడుమనున్న ఊరు. కంబరామాయణాన్ని తెలుగు చేసిన శ్రీరాములురెడ్డిగారి ఇంటిపేరూ ఇదే. ఇక్కడి గానుగల కాడి మాటలు, మామిడితోపుల మాటలు నాయన చెబుతుంటే అను ఫాంటులో టైపు చేసుకున్న 180 పుటలవి. మళ్లీ అడుగుదామంటే ఆయన లేరు.

ఆ ఫాంటు ఏర్పాటు విచిత్రం. లోపల నిలవుండేది తెలుగక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల గుర్తులు. ఫాంటు ఉంటే 'క'. లేకుంటే చీమలు పాకినట్టు పిచ్చిగీతలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత స్థానాలున్నా, అచ్చుపని చాలాకాలం ఈ దారినే నడిచింది.

శిష్యుడొకడు లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవులో తెచ్చాడు. "ఇప్పుడే ఎక్కించొద్దు సార్. దీంట్లోనుంచే నడిపి చూద్దాం. నచ్చకపోతే పీకేస్తే సరి, మీ పాతది అట్లనే ఉంటుంది" అన్నాడు. పెండ్లిచూపుల్లో కూడా ఇంత వెసులుబాటు లేదు! చక్కగా నడిచింది. అయినా వాణ్ణి ముందుకు పోనియ్యలేదు. పుటలన్నిటికీ రెండుచోట్ల నకళ్లు తీసి, ఫాంటుతో సహా పి.డి.ఎఫ్. చేసి, యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే సరేనన్నాను.

మార్పిడిలో కొన్ని ఒత్తులు జారిపోయాయి. భోజనాలయ్యాక రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని దిద్దుతున్నాను. నిన్న మా ఆవిడ తొంగిచూసి, "మామ ఎన్నడూ 'చెనికాయ' అనలేదే!" అంది. పి.డి.ఎఫ్. తెరిస్తే, నిజమే, 'చెనిక్కాయ'. ఆ తర్వాత ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది. 60 పుటలయ్యాయి, ఇంకా 120 ఉన్నాయి.