పోల్చుకోవడం

ఆలివర్ శాక్స్ 2010లో వెలువరించిన 'ది మైండ్స్ ఐ'లో ముఖాలను గుర్తుపట్టలేకపోవడం గురించి ఒక వ్యాసం ఉంది. అందులోని రోగి శాక్సే. తన మానసిక వైద్యుని వద్ద సెలవు తీసుకున్న కొద్ది నిమిషాలకే, అదే భవనం ముంగిట పలకరించిన ఆయన ఎవరో తెలియలేదు. మరొకప్పుడు ఎదురుపడిన గడ్డపు మనిషికి క్షమాపణ చెప్పి, అది అద్దమని తరవాత గ్రహించాడు. చాలా ఏళ్ళకు ఆస్ట్రేలియాలో అన్నగారిని కలిసినప్పుడు, ఆయనకూ ఇదే ఇబ్బంది ఉందని తెలిసింది. అప్పుడుగాని ఇది పరధ్యానం కాదని, పుట్టుకతో వచ్చిన తీరని బోధపడలేదు.

1947లో జర్మన్ వైద్యుడు బోడామర్ ఈ స్థితికి ప్రొసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం, మెదడు అడుగుభాగాన, ముఖ్యంగా కుడివైపున, ముఖాలు చూసినప్పుడు ప్రత్యేకంగా స్పందించే చిన్న ప్రదేశాన్ని చూపింది. ఆ నైపుణ్యం పుట్టుకతోనే వస్తుందా, చూసి నేర్చుకునేదా అన్నదే అసలు ప్రశ్న.

రెండూ నిజమే. పుట్టిన కొద్ది నిమిషాలకే పసికందు, ముఖంలా అమర్చిన గీతలవైపు ఎక్కువసేపు చూపు తిప్పుతుంది. ఆ పైది అనుభవం పని. 2002లో పాస్కాలిస్, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగంలో ఆరు నెలల శిశువులు ఒక కోతి ముఖాన్ని మరొకదానినుంచి వేరుగా గుర్తించారు. తొమ్మిది నెలల శిశువులకు అది చేతకాలేదు. ఎదగడమంటే అక్కరలేనిదాన్ని వదులుకోవడం కూడా.

గుర్తుపట్టడాన్ని మనం 'పోల్చుకోవడం' అంటాం. ఈ మాటలో గొప్ప సత్యం ఉందని నాకనిపిస్తుంది. అంతకుముందు చూసిన ముఖాలన్నిటితో పోల్చినప్పుడే కదా కొత్త ముఖం ప్రత్యేకంగా కనబడేది! మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, "వీళ్ళందరూ ఒక్కలాగే ఉన్నారేమిట్రా, ఎవరెవరో ఎలా పోల్చుకుంటావు?" అని అడిగింది. పక్కింటి తెల్లావిడకు మా అమ్మా, మా అత్తగారూ ఒక్కరే. ఇందులో ఎవరి తప్పూ లేదు. కొరియాలో పుట్టి, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వయసులో యూరపు కుటుంబాలకు దత్తు వెళ్ళినవారిని పెద్దయ్యాక పరీక్షిస్తే, వారు తమ జాతివారి ముఖాలకన్నా తెల్లవారి ముఖాలనే బాగా గుర్తుపట్టారు. ఇక్కడ పెరిగే మన పిల్లలు భాషతోపాటు ముఖాల నిఘంటువునూ ఇక్కడిదే కూర్చుకుంటారన్నమాట.

శిశువైద్యుణ్ణి కనుక, నన్ను ఎక్కువగా వెంటాడేది కెనడాలో డాఫ్నీ మౌరర్ బృందం 2001లో ప్రకటించిన అధ్యయనం. రెండు కళ్ళలోనూ శుక్లాలతో పుట్టి, రెండు నుంచి ఆరు నెలల వయసులో చికిత్స పొందినవారిని ఎన్నో ఏళ్ళ తరవాత పరీక్షించారు. కళ్ళో, నోరో మారిస్తే వారు పసిగట్టారు. కళ్ళ మధ్య, కంటికీ నోటికీ మధ్య దూరం మారిస్తే మాత్రం తడబడ్డారు. తొలి నెలల్లో అందని వెలుగును తరవాతి సంవత్సరాలు పూర్తిగా భర్తీ చేయలేకపోయాయి.

అందుకే ప్రతి పురిటిబిడ్డ కంటిలోనూ దీపం వేసి చూస్తాం. కంటిపాపలో ఎర్రని మెరుపు కనబడితే దారి తెరిచి ఉన్నట్టు. ఒక పాపలో అది కనబడలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలే. ఆరో వారంలో శస్త్రచికిత్స జరిగింది. చూపు ఎంత వస్తుందని తండ్రి అడిగాడు. తల్లి మాత్రం, "నన్ను గుర్తుపడుతుందా డాక్టరుగారూ?" అంది. తప్పక గుర్తుపడుతుందని చెప్పాను. గొంతు, స్పర్శ, నడక, ముఖం అన్నీ కలిసే కదా తల్లి. అయితే పెద్దయ్యాక బడిలో స్నేహితులను పోల్చుకోవడంలో కొంచెం తడబడినా, దాన్ని పొగరనుకోవద్దని కూడా చెప్పాను.

శాక్స్ పుస్తకం నాకిచ్చిన మెలకువ అదే. పలకరించకుండా వెళ్ళిపోయినవారంతా మనల్ని కాదనుకున్నవారు కారు.