ప్రతిజ్ఞా వాక్యం

ఇంధన పొదుపు వారోత్సవాలు వచ్చినప్పుడల్లా మా బల్లమీద సాంకేతిక పత్రాలు పేరుకుంటాయి. పోటీకి వచ్చిన వాటిని తొలి విడతగా చదివి, వడగట్టి, న్యాయ నిర్ణేతలకు పంపే బాధ్యత కొన్నేళ్లుగా మాపై ఉన్నది. ఆ పత్రాలలో పట్టికలకు కొదవ లేదు. రంగుల గ్రాఫులకు అంతకన్నా లేదు. చాలవాటిలో కానరానిది ఒక్క వాక్యం. ఇంత శ్రమపడి రచయిత దేనిని నిలబెట్టదలచినాడో చెప్పే వాక్యం.

"మా ప్లాంటులోని పంపుల విద్యుత్ వినియోగంపై అధ్యయనం" అని ఒకరు ప్రారంభిస్తారు. అది విషయమే గాని వాదం కాదు. "విద్యుత్తును పొదుపు చేయుట ఎంతైనా అవసరం" అని మరొకరు. కాదనేవారెవరు? ఎవరూ కాదనలేని మాటను ఋజువు చేయడానికి పన్నెండు పుటలెందుకు?

ఈ వాక్యానికి మన తర్కశాస్త్రంలో చక్కని పేరున్నది: ప్రతిజ్ఞ. ఆ మాట వినగానే బడిలో చేయి చాచి అప్పజెప్పినది స్ఫురించడం సహజమే. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రచించిన ఆ ప్రతిజ్ఞ వేరు. నైయాయికుల పంచావయవ వాక్యంలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అంగాలు. కొండమీద నిప్పున్నది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనబడుతున్నది గనుక, ఇది హేతువు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంతో చదువు ప్రారంభించిన వారందరికీ ఈ కొండా, ఈ పొగా పరిచితాలే. ఇందులో మాకు నచ్చినది ప్రతిజ్ఞను ముందుగా ఉంచడం. వినేవానికి తాను దేనికై చెవి ఒగ్గుతున్నాడో మొదటే తెలియాలి. రెండవది, పూర్వపక్షానికి చోటుండటం. కొండమీద నిప్పు లేదని ఒకడు అనగలడు. అది పొగ కాదు, మంచు అని కూడా అనగలడు. అట్లా అనడానికి వీలున్నప్పుడే వాదానికి పని.

అయితే ఎదిరించడానికి వీలుంటే చాలదు, హద్దు కూడా ఉండాలి. ఈ సంగతి మాకు బాగా పట్టుబడినది ఒక యువ ఇంజనీరు పత్రం చదివినప్పుడు. అతడు మంచి పనివాడు. శీతలీకరణ నీటిని తిప్పే పంపుల దగ్గర షిఫ్టుల వారీగా కొలతలు తీసి, లాగ్ బుక్కులతో సరిపోల్చి మరీ వ్రాసినాడు. నీటి అవసరం తగ్గినప్పుడు వాల్వు సగం మూసి నడపడం మన వాడుక. అది బ్రేకు తొక్కుతూ యాక్సిలరేటరు నొక్కడం వంటిది. వాల్వుకు బదులు మోటారు వేగమే తగ్గిస్తే ఏమవుతుందో అతడు చూపినాడు. వేగం 80 శాతానికి దిగితే ప్రవాహం 80 శాతం, హెడ్ 64 శాతం, కావలసిన శక్తి మాత్రం 51 శాతం. శక్తి వేగం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది గనుక ఇందులో గారడీ లేదు. ఆ ఉత్సాహంలో అతని ప్రతిజ్ఞ ఇట్లా వచ్చినది: "ప్లాంటులోను, కాలనీలోను గల పంపులన్నింటికీ వేగ నియంత్రణ డ్రైవులను అమర్చినచో విద్యుత్ ఖర్చు సగానికి తగ్గును."

వాక్యం గట్టిగా ఉన్నది. ఖండనకు వీలున్నది. అంకె కూడా ఉన్నది. చిక్కంతా 'అన్నింటికీ' అనే మాటలో ఉన్నది. ఘనానుపాత సూత్రం పూర్తిగా చెల్లేది గొట్టాల ఘర్షణను జయించడమే పంపుకు ప్రధానమైన పని అయినప్పుడు. నీటిని ఎత్తుకు తోడే పంపు కథ వేరు. తొట్టి 40 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. వాల్వు పూర్తిగా మూసి ఉన్నప్పుడు ఆ పంపు ఇవ్వగల గరిష్ఠ హెడ్ 60 మీటర్లనుకుందాం. వేగాన్ని 80 శాతానికి దించితే ఆ గరిష్ఠం 38.4 మీటర్లకు పడుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, మీటరు కూడా తిరుగుతూనే ఉంటుంది, తొట్టిలోకి చుక్క ఎక్కదు. కాలనీ మంచినీళ్ల పంపులు సరిగ్గా ఈ కోవలోనివి. పత్రం బహుమతి పొందితే అమలుకు సిఫారసు కావడం మా దగ్గర ఆనవాయితీ. ఒక్క విశేషణం సరిచూడక సంతకం పెడితే, దాని ఫలితం తెల్లవారుజామున కుళాయి విప్పిన ఇల్లాలికి తెలిసేది.

మేము అతణ్ణి పిలిచి, కాలనీ పంపుల దగ్గర కొలతలు తీసినావా అని అడిగినాము. తీయలేదన్నాడు. కోపగించుకోలేదు గాని కాస్త నొచ్చుకున్నాడు. "హద్దులు పెడితే పత్రం చిన్నదైపోతుంది సార్" అన్నాడు. ఈ భయం చాలమందికి ఉన్నది. మా ఉద్దేశంలో జరిగేది అందుకు విరుద్ధం. మూడు రోజులకు అతడు తెచ్చిన వాక్యం ఇది: "ప్రవాహ అవసరం మారుతూ, హెడ్‌లో అధికభాగం ఘర్షణ వల్లనే కలిగే శీతలీకరణ పంపులలో, వాల్వుతో అదుపు చేయుటకన్న వేగంతో అదుపు చేయుట లాభకరం, ఎత్తుకు తోడే పంపులకు ఇది వర్తించదు." దీనిని ఖండించదలచినవాడు ఇక ఆ పంపుల దగ్గరికి వెళ్లి కొలతలు తీయవలసిందే. పత్రంలోని పట్టికలలో నాలుగు ఈ వాక్యానికి అక్కరలేనివని అతడే గుర్తించి తీసివేసినాడు. పుటలు పన్నెండు నుండి ఏడుకు వచ్చినవి. బహుమతి రాలేదు, ద్వితీయ స్థానంతో సరి. శీతలీకరణ పంపులలో రెండింటికి మాత్రం డ్రైవులు మంజూరైనవి.

తన హద్దెరిగిన ప్రతిజ్ఞకు మన నేలమీదనే ఒక గొప్ప నిదర్శనమున్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను చూచినాడు. మలేరియా రహస్యం చేతికి చిక్కిందని అతని మనసుకు తెలుసు. ఆ రాత్రి పద్యం కూడా వ్రాసుకున్నాడంటారు. పత్రం సంగతి వేరు. అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆ రచన శీర్షిక, మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని విచిత్ర కణాలను గూర్చి మాత్రమే. రెండు దోమలు చూచినాడు, రెండని వ్రాసినాడు. ఆ మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరడం, దోమకాటుతో ఆరోగ్యవంతమైన పక్షికి వ్యాధి సోకడం చూపిన తరువాతనే అతని వాక్యం పెద్దదైనది. 1902లో నోబెల్ బహుమతి వచ్చినది.

ప్రతిజ్ఞను ఎప్పుడు వ్రాయాలని కొందరు అడుగుతుంటారు. పని మొదలుపెట్టేటప్పుడు పెన్సిలుతోను, పని ముగిసిన తరువాత కలముతోను వ్రాయండని చెబుతుంటాము. కొలతలు ఒకవైపు, మొదటి ఊహ మరొకవైపు లాగినప్పుడు మార్చవలసినది ఊహనే గదా. స్థానం మాత్రం ముందుమాటలోనే, మొదటి పుట దాటకుండా. అయిదవ పుటదాకా దానికోసం వెదికే ఓపిక న్యాయ నిర్ణేతలకు ఉండదు, నిజానికి ఉండనక్కరలేదు కూడా.

మరొక అవరోధం భాష. మన పత్రాలు ఆంగ్లంలో ఉంటాయి. ఆంగ్లంలో 'యాన్ అటెంప్ట్ హాజ్ బీన్ మేడ్' అనే ఒక దుప్పటి దొరుకుతుంది. అది కప్పుకుంటే ప్రయత్నం చేసినదెవరో, దాని వల్ల తేలినదేమిటో ఎవరికీ అంతుపట్టదు. అందుచేత పత్రంతో వచ్చినవారిని కాగితాలు ప్రక్కన పెట్టమని, "ఏం తేల్చావు నాయనా, తెలుగులో చెప్పు" అని అడుగుతాము. కిందటి పర్యాయం వచ్చిన ఆపరేటరొకరు క్షణమైనా తడుముకోలేదు. "మూడో షిఫ్టులో ఎవరికీ అక్కర్లేని గాలికోసం రెండో కంప్రెసరు ఊరికే తిరుగుతోంది సార్, దాన్ని ఆపినా లైనులో ప్రెషరు పడటం లేదు" అన్నాడు. ఆ మాటను అక్కడే కాగితం మీద పెట్టించి, ఆంగ్లంలోకి మార్చే పనిని తరువాతకు వదిలినాము.