రెక్కలు విడిగా సర్దాలి

బదిలీ అయిన ప్రతిసారీ మా ఇంట్లో పెట్టెలకు నంబర్లు వేస్తాం. వంట సామాను ఒకటి, రెండు. పుస్తకాలు మూడు నుంచి తొమ్మిది దాకా. అస్సాం నుంచి రాజస్థాన్ వచ్చినప్పుడు మాత్రం ఒక చెప్పుల పెట్టెకు నంబరు వేయలేదు. దాన్ని లారీ ఎక్కించకుండా రైల్లో నా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను. కొత్త క్వార్టర్స్‌లో అన్నిటికంటే ముందు దాని మూతే తీశాను. లోపల ఎడమ రెక్క విరిగిపోయి ఉంది.

ఆ రెక్క సంగతి చెప్పాలంటే ఎనిమిదో తరగతి పిల్లవాడొకడి గురించి చెప్పాలి.

అతను అస్సాంలో మా బడికి ఏడాది మధ్యలో వచ్చాడు. అది అతనికి ఐదో బడి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ రాయడం సరిగా రాదు. ఒత్తులన్నీ ఎగిరిపోయేవి. చివరి బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు. ఒకరోజు నోటుపుస్తకాలు దిద్దుతుంటే అతని పుస్తకం చివరి పేజీలో రెక్కల జంతువు బొమ్మ కనిపించింది.

"ఏంట్రా ఇది, గబ్బిలమా?"

"కాదు మేడమ్. వైవెర్న్."

"అంటే డ్రాగనేగా?"

"డ్రాగన్‌కి నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు. దీనికి రెండే కాళ్ళు మేడమ్."

అతను నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదటిసారి. "మనకూ గండభేరుండం ఉందిరా, రెండు తలల పక్షి" అన్నాను. వెంటనే "దానికి కాళ్ళెన్ని మేడమ్?" అని అడిగాడు.

మర్నాడు అసలు బొమ్మనే తెచ్చాడు. అరచేతిలో పట్టేంత బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు. వాళ్ళ బాబాయి ఇంగ్లండు నుంచి తెచ్చాడట. బల్లమీద ఆడే యుద్ధపు ఆటలో ఇదొక సైనికుడి లాంటిది. చదరంగంలోలా గళ్ళుండవు. టేపు పెట్టి అంగుళాలు కొలిచి బొమ్మల్ని జరుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేలుస్తారు. హెచ్.జి. వెల్స్ అనే రచయిత 1913లోనే బొమ్మ సైనికుల యుద్ధాలకు నియమాలతో ఒక పుస్తకం రాశాడు. 1983లో ఇంగ్లండులో వార్‌హామర్ వచ్చాక రాక్షసులూ రెక్కల జంతువులూ ఉన్న సైన్యాలకు ఎంతో పేరు వచ్చింది. ఈ ఆటలో బొమ్మల్ని ఎవరివి వాళ్ళే అతికించి రంగులు వేసుకుంటారు. చాలామందికి ఆటకంటే ఆ పనే ఇష్టం.

మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. శనివారం బడి అయ్యాక రంగులు వేద్దాం. చేసిన ప్రతి పనినీ అతను తెలుగులో రాయాలి.

మొదటి వాక్యం ఇలా రాశాడు: "అచు గీత గీకాలి." ప్లాస్టిక్ అచ్చులో రెండు సగాలు కలిసేచోట సన్నని గీత మిగులుతుంది. బ్లేడు వీపుతో దాన్ని గీకకపోతే రంగు వేశాక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. "అచ్చులో ఒత్తు ఏదిరా?" అన్నాను. "గీకేశాను మేడమ్" అన్నాడు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

తరువాత ప్రైమర్. పైన వేసే రంగు పట్టుకుని ఉండాలంటే ముందు ఈ పూత పడాలి. వానాకాలంలో డబ్బా స్ప్రే కొడితే గాలిలో తేమకు పూత మసకబారుతుంది. ఒక పనికిరాని ముక్క మీద కొట్టి చూస్తే బూజు పట్టినట్టు తెల్లగా అయింది. ఎండ కోసం రెండు వారాలు ఆగాం.

రెక్కలు వేయడానికి గబ్బిలం సాయపడింది. గబ్బిలం రెక్క నిజానికి దాని చెయ్యే. పొడుగాటి వేళ్ళ ఎముకల మధ్య పలచటి చర్మం సాగి ఉంటుంది. ఆ ఎముకలకు లేత రంగు, చర్మానికి ముదురు ఎరుపు అనుకున్నాం. బాగా పలచన చేసిన నల్లరంగు పూస్తే అది గుంటల్లోకి జారి నీడలా నిలిచింది. చివర్లో కుంచెకున్న రంగంతా గుడ్డకు తుడిచేసి, ఆ పొడి కుంచెతో మెల్లగా రుద్దితే ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే మెరిశాయి.

కుడి రెక్క పూర్తయిన వారంలో వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. వెళ్ళే ముందురోజు బొమ్మను తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

"మీ దగ్గరే ఉంచండి మేడమ్. కిందటిసారి ఇలాంటిదే ఒకటి లారీలో విరిగిపోయింది."

"రెండో రెక్క పూర్తి చేసి పంపిస్తాను" అని మాటిచ్చాను.

ఎడమ రెక్క వేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. అయిపోయిన సంతోషంలో రెండు రెక్కల్నీ గట్టిగా అతికించేశాను. ఈలోగా నాకూ ఆర్డరు వచ్చింది. ఆ తరువాత రైలు, చెప్పుల పెట్టె, విరిగిన రెక్క.

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం టీచర్లకు అంత సులువు కాదు. చివరికి ఫొటో తీసి వాళ్ళ అమ్మగారి ఫోనుకు పంపి, క్షమించమని రాశాను. సాయంత్రానికి నోటుపుస్తకం పేజీ ఫొటో ఒకటి జవాబుగా వచ్చింది.

"రెక్కలు అతికించకూడదు మేడమ్. బదిలీలు ఉన్నవాళ్ళు అయస్కాంతం పెట్టాలి. రెక్కలు విడిగా సర్దాలి."

ఒక్క ఒత్తు కూడా తప్పలేదు. ఆ పేజీని మూడుసార్లు చదువుకున్నాను.

చిన్న చేతి డ్రిల్లుతో భుజాల్లోనూ రెక్కల మొదట్లోనూ రంధ్రాలు చేసి, గుండీల్లాంటి అయస్కాంతాలు అతికించాను. మొదటిసారి ధ్రువాలు చూసుకోలేదు. రెక్కను దగ్గరికి తెస్తే పారిపోయింది. పీకి, ఏ ముఖం ఎటో పెన్నుతో గుర్తు పెట్టుకుని మళ్ళీ అతికించాను. విరిగినచోట రంగు మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఇక్కడి పొడిగాలికి పళ్ళెంలో రంగు నిమిషాల్లో ఎండిపోతోంది. తడిగుడ్డ మీద బటర్ పేపరు పరిచి దానిమీద రంగు కలపడం నేర్చుకున్నాను.

కిందటి నెల పార్సిల్ చేశాను. మొండెం ఒక డబ్బాలో, రెక్కలు ఇంకో డబ్బాలో. నాలుగురోజుల క్రితం ఫొటో వచ్చింది. నేను చూడని ఏదో ఊళ్ళో, ఏదో బల్లమీద వైవెర్న్ రెక్కలు చాచి నిలబడి ఉంది. కింద ఒక ప్రశ్న.

"ఎడమ రెక్క మీద గీత కనిపిస్తోంది మేడమ్. కావాలనే వదిలేశారా?"

"లేదు నాన్నా. దాచడం నాకు రాలేదు" అని రాశాను.

కాసేపటికి జవాబు వచ్చింది.

"ఉండనివ్వండి. యుద్ధంలో తగిలిందని మావాళ్ళకి చెప్తాను."

మావాళ్ళు అన్నాడు. కొత్త బడికి వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు.