పేరు కౌలుకే, మిల్కియత్ కాదు

మా ఫూఫీ కొడుక్కి చిలకలూరిపేటలో పరుపుల దుకాణం ఉంది. దూది ఏకడం మా ఖాందానీ పని. దుకాణానికి దాదాజాన్ పేరే పెట్టారు. రజాయిలు, దిండ్లు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముదామని ఆ పేరుతో వెబ్‌సైట్ పెట్టాలనుకున్నాడు. "భాయ్, పేరు ఇంగ్లీషులో ఎట్లా రాయాలి?" అని అడిగాడు.

సవాల్ చిన్నదే, జవాబే కష్టం. మనలో 'షేక్' అన్న ఒక్క మాటే రేషన్ కార్డులో ఒక రకం, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక రకం, పాస్‌పోర్టులో ఇంకో రకం. డొమైన్ పేరులో ఒక్క అక్షరం మారితే అది వేరేవాళ్ళ ఇల్లు. ఫోన్లో ఒకసారి చెబితే ఎదుటి మనిషి తప్పు లేకుండా రాసుకోగల స్పెల్లింగే తీసుకోమన్నాను.

తెలుగు లిపిలోనే తీసుకోకూడదా అంటే, బేషక్ తీసుకోవచ్చు. '.భారత్' అనే తోక 2011లోనే ఏడు భాషల్లో వచ్చింది. అందులో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ రెండూ చూస్తే దిల్ ఖుష్ అవుతుంది. కానీ కొన్ని ఈమెయిల్ సర్వీసులు ఆ లిపుల చిరునామాలను ఇప్పటికీ ఒప్పుకోవు. అందుకని తిజారత్‌కి ముందు '.ఇన్' గానీ '.కామ్' గానీ, షౌక్ ఉంటే ఆ తర్వాత తెలుగుది.

అసలు మాట ఇది. డొమైన్ 'కొన్నాం' అంటాం గానీ, అది కొనడం కాదు, కౌలు. గుంటూరు మిర్చి యార్డులో రైతు సరుకు కమీషన్ ఏజెంటు ద్వారా అమ్ముడుపోయినట్టే, ఇక్కడ రిజిస్ట్రార్ అనే కంపెనీ మధ్యలో ఉంటుంది. '.ఇన్' పేర్ల ఖాతా ఢిల్లీలోని నిక్సీ దగ్గర, '.కామ్' ఖాతా అమెరికాలోని వెరిసైన్ దగ్గర. ఎంత డబ్బు కట్టినా ఒక విడతలో పదేళ్ళకి మించి ఇవ్వరు. మొదటి ఏడాది సస్తాగా కనిపించే పేరు రెండో ఏడాది మహంగా అవుతుంది. కాబట్టి రెన్యువల్ ధర చూశాకే డబ్బు కట్టాలి.

కౌలు అన్నాక కాగితం ఎవరి పేరు మీద ఉందన్నదే లెక్క. పత్తి చేను దున్నేది ఒకరు, పాస్‌బుక్ ఇంకొకరిది అయితే నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో మన ప్రాంతంలో చెప్పక్కర్లేదు.

మాకు తెలిసిన ఒక మస్జిద్ కమిటీ సంగతి అట్లాగే అయింది. వెబ్‌సైట్ చేసిపెట్టిన నౌజవాన్ నేక్ నియ్యత్‌తోనే పేరు తన సొంత ఖాతాలో తీసుకున్నాడు. తర్వాత గల్ఫ్ వెళ్ళిపోయాడు. గడువు గుర్తుచేసే మెయిళ్ళు అతని పాత ఈమెయిల్‌కి వెళ్తూ ఉండిపోయాయి. గడువు దాటాక కొన్నాళ్ళు మొహలత్ ఉంటుంది. '.కామ్' అయితే ఆ తర్వాత ఇంకో 30 రోజులు, జుర్మానా కడితే పేరు వెనక్కి వస్తుంది. అదీ దాటితే బజారే. ఆ పేరు ఎవరో పట్టుకున్నారు. రంజాన్ టైమ్‌టేబుల్ మీద, జకాత్ రసీదుల మీద అచ్చయిన ఆ చిరునామా కొడితే ఇప్పుడు జూదం ప్రకటనలు వస్తున్నాయి. బుజుర్గులు తలవంచుకుంటున్నారు. ఆ పేరు నమ్మి రేపు ఎవరైనా అక్కడ చందా కడితే ఏమవుతుందో ఆలోచించండి.

మా ఫూఫీ కొడుక్కి చెప్పిందే మీకూ చెబుతున్నాను. వెబ్‌సైట్ ఎవరు చేసినా, డొమైన్ మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో తీసుకోండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. ఆటో రెన్యువల్ పెట్టినా, కార్డు గడువు అయిపోతే అది పనిచేయదు. కాబట్టి తారీఖు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

జమాత్‌ది, మదర్సాది అయితే అది అమానత్. ఒక మనిషి సొంత మెయిల్ కాకుండా కమిటీ పేరుతో మెయిల్ పెట్టి, సదర్ మారినప్పుడు చందా పుస్తకంతో పాటు ఆ తాళంచెవి కూడా కొత్తవారికి అప్పగించాలి. ఈ జుమా నమాజ్ అయ్యాక మీ సదర్ సాబ్‌ని అదబ్‌గా రెండు మాటలు అడగండి: మన పేరు ఎవరి ఖాతాలో ఉంది, గడువు ఎప్పటిదాకా ఉంది?