పుట యడుగున పరుల పేరు

మా యత్తగారికి వచ్చిన లాలిపాటలను, మంగళహారతులను నలువదింటిని మేము వారియొద్ద కూర్చుండి వ్రాసికొంటిమి. ఏ పాట నెప్పుడు పాడుదురో, కఠినపదముల కర్థమేమో మా మాటలతో క్రింద చేర్చితిమి. ఆడుబిడ్డ కుమార్తె వివాహమున బంధువులకు పంచుటకై దానిని చిన్న పొత్తముగా కూర్ప నెంచి, కంప్యూటరులో సిద్ధముగా దొరకు పుస్తకపు మూసను, అనగా టెంప్లేటు నొకదానిని తీసికొని, రాత్రివేళల టైపు చేసితిమి.

అచ్చునకు పంపుటకు ముందు మావారు ప్రతిని దిద్దుచు, “ఇది మన పుస్తకమా, పరులదా?” అని నవ్విరి. చూతుము గదా, ప్రతిపుట యడుగునను చిన్న యక్షరములలో కాపీరైటు గుర్తు, మే మెఱుగని యొక సంస్థ పేరు, సర్వస్వామ్యసంకలితమను మాట! మూసతోపాటు వచ్చిన యా వ్రాతను ఇన్ని దినములును మేము గమనింపనే లేదు.

దానిని తీసివేయుట కష్టము కాదు. వర్డులో పుట యడుగుభాగముపై రెండుమార్లు నొక్కినచో ఫుటరు తెరచుకొనును; వ్రాతను చెరిపివేయవచ్చును. అయితే మొదటి పుటకును, సరి బేసి పుటలకును వేర్వేరు ఫుటరు లుండవచ్చును గనుక ఒక్కచోట చెరిపి నిశ్చింతగా నుండరాదు. ఫైలు వివరములలో రచయిత పేరుగల చోటును చూడవలెను. మూస నిచ్చినవారు తమ పేరు నిలుపుమని షరతు పెట్టిరేమో ముందుగా చదువవలెను. పెట్టియున్నచో మూస వారిది, వ్రాత మాది యని విడిగా చెప్పవలెను.

1957వ సంవత్సరపు మన కాపీరైటు చట్టము ననుసరించి స్వంత రచనపై స్వామ్యము వ్రాసినంతనే కలుగును. గుర్తు వేయకున్నను, నమోదు చేయింపకున్నను పోదు. దానిని పరులకు వ్రాసియిచ్చుటకు సంతకముగల పత్రము కావలెను. మూసలో మిగిలిన మాటవలన హక్కు పోదుగాని, చదివినవారు మాత్రము పొరబడుదురు.

పరుల పేరు చెరిపిన యుత్సాహమున అచ్చోట మా పేరు వ్రాసితిమి. అత్తగారు కండ్లద్దములు సవరించుకొని చూచి, “అమ్మాయీ, ఇవి మా అమ్మమ్మ చెప్పిన పాటలు. ఆవిడ కెవరు చెప్పారో! వీటికింద నీ పేరేమిటే?” అనిరి. మాకు మాట రాలేదు. ఆ సంస్థ తెలియక చేసినదానిని మేము తెలిసి చేసితిమి.

తుదకు ఫుటరులో పుటసంఖ్య మాత్రమే యుంచితిమి. మొదటి పుటలో, “పాటలు పెద్దలనాటివి; మా యత్తగారు పాడగా విని వ్రాసికొన్నవి. వివరణములు మాత్రము మావి” అని వ్రాసి, ముందు వారి పేరును, పిదప మా పేరును ఉంచితిమి.

సోదరీమణులారా! వంటల పుస్తకమైనను, పిల్లల వ్యాసమైనను, అచ్చునకు పంపుటకు ముందు పుట యడుగు నొక్కసారి చూచికొనుడు.